గాజులు కుదువబెట్టి వెబ్‌సైట్ చేయించాల్నా?

నారాయణపేట దిక్కు నుంచి ఒక చెల్లె రాసిన ఉత్తరం ఇది. పేరు పెట్టొద్దన్నది, పెడ్తలేను. ఉత్తరం చాన పెద్దగుంది కాబట్టి అసలు సంగతి నా మాటల్ల చెప్తున్న.

ఆమెకు పెండ్లయి తొమ్మిదేండ్లు. అత్తగారిది చీరల షాపు, ఇంటెనుక సొంత మగ్గాలు మూడు, బయట ఇంకో అయిదుగురు నేసేటోళ్లు వీళ్లకే నేసిస్తరు. కరోనాల షాపు బందయినప్పుడు ఈమె ఫోన్‌ల ఫొటోలు తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టుడు మొదలుపెట్టింది, తర్వాత ఇన్‌స్టాగ్రామ్. ఇప్పుడు నెలకు 25 నుంచి 30 చీరలు అట్లనే పోతున్నయి, ఎక్కువ పుణె, షోలాపూర్, బెంగళూరుకు. చీర సగటున 2,200 రూపాయలు, కొరియర్ ప్యాకింగ్ అన్నీ పోను చీరకు 450 దాక మిగుల్తదని నోట్‌బుక్ ఫొటో తీసి పంపింది.

ఇప్పుడొచ్చిన చిక్కు ఏందంటే, ఆడబిడ్డ భర్త హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తడు, ఆయన ఫ్రెండ్ ఒకాయన కొటేషన్ ఇచ్చిండు: వెబ్‌సైట్, ఆండ్రాయిడ్ యాప్, ఆరు నెలల ఎస్ఈఓ (గూగుల్‌ల వెతికితే మన సైట్ పైకి కనపడేటట్టు చేసే పని), అన్ని కలిపి 1,75,000. అడ్వాన్స్ 80,000. డొమైన్, హోస్టింగ్ మొదటి ఏడాది ఫ్రీ, రెండో ఏడాది నుంచి మెయింటెనెన్స్ నెలకు 2,500. చెల్లె భర్తకు చాన ఉత్సాహంగ ఉంది, చేతుల పైసలు లేవు గనుక ఆమె తల్లిగారు పెట్టిన నాలుగు గాజులు గోల్డ్ లోన్‌ల పెడ్దామంటున్నడు. "దేనికెంత అయితదో విడగొట్టి చెప్పమనండి" అని ఈమె అడిగితే తెల్లారి ఆడబిడ్డ ఫోన్ చేసి "మా ఆయన మీద నమ్మకం లేదా వదినా" అన్నదట. మామనేమో 2019ల ఇట్లనే ఒకాయన 35,000 తీస్కొని వెబ్‌సైట్ చేసిచ్చిండు, రెండేండ్లకే అది తెరుచుకోకుంట పోయింది, మళ్లా ఆ ముచ్చటే నా ముంగట తేవద్దంటున్నడు. చెల్లె అడిగింది: "అక్కా, ఇయ్యనంటే ఇంట్ల నన్ను పైసల మనిషి అంటరు, ఇస్తే నాకు నిద్ర పట్టది. అసలు ఆ రేటు సరైనదేనా? నేనేం చెయ్యాలె?"

చెల్లె, ముందుగాల ఒక మాట. దేనికెంత అని అడుగుడు తప్పు కాదు. మీ మామ నూలు కొనేటప్పుడు కిలోకెంత, రంగుకెంత, కూలికెంత అని అడగకుండ కొంటడా? అడిగితే నూలాయన మీద నమ్మకం లేదని అర్థమా? ఇది గూడ అంతే. నువ్వు అడిగింది పనికి సంబంధించిన ప్రశ్న, మీ ఆడబిడ్డ దాన్ని మనిషికి సంబంధించిన ప్రశ్న లెక్క తీస్కున్నది, ఆమె జాగల ఉండి చూస్తే భర్త ఇష్టపడి చేయబోయిన సాయాన్ని ఎవరో అనుమానించినట్టు అనిపించి ఉంటది. ఈ రెండిటిని విడదీస్తే సగం చిక్కు పోతది, అదెట్లనో తర్వాత చెప్త, ముందు లెక్కకు పోదాం.

వెబ్‌సైట్ అనంగనే అందరు చేసేదానికి ఎంత అని అడుగుతరు. నేను మాత్రం మూడేండ్లకు ఎంత అని అడుగుత. ఎందుకంటే చేసేది ఒక్కసారే, నడిపేది ప్రతి ఏడు. మీ కొటేషన్ తీస్కో. 1,75,000 మొదట. రెండో ఏడు మూడో ఏడు మెయింటెనెన్స్ 30,000 చొప్పున 60,000. డొమైన్ హోస్టింగ్ ఫ్రీ అయిపోయినంక ఆ రెండేండ్లకు ఒక 12,000 అనుకుందాం. మొత్తం 2,47,000. నీకు చీరకు మిగిలేది 450 అయితే ఇది దాదాపు 549 చీరల లాభం. 36 నెలలకు పంచితే, ఇప్పుడు పోతున్న 28 చీరలు గాక, వెబ్‌సైట్ వల్లనే నెలకు ఇంకో 15 చీరలు కొత్తగ అమ్ముడుపోవాలె, అప్పుడు గాని పెట్టిన పైసలు తిరిగి రావు, లాభం సంగతి తర్వాత. దీని మీద గోల్డ్ లోన్ మిత్తి. నూటికి రూపాయి లెక్కనే వేసినా మొత్తం 1,75,000 మీద నెలకు 1,750, అంటే నాలుగు చీరల లాభం మిత్తికే. ఇంకో సంగతి, ఆ కొటేషన్‌ల జీఎస్టీ కలిపి ఉందా లేక పైనుంచా అడుగు, 18 శాతం పైనుంచి అంటే ఇంకో 31,500.

నెలకు 15 చీరలు ఎక్కువ పోవా అంటే, పోవచ్చు. నేను కాదంటలేను. కానీ వెబ్‌సైట్ పెట్టంగనే మనుషులు రారు చెల్లె, షాపు తెరిచినంత మాత్రాన గిరాకీ రానట్టే. వాళ్లను తెచ్చేది నీ ఫొటోలు, నీ స్టేటస్, నీ పాత కస్టమర్లు ఇంకొకరికి చెప్పే మాట.

ఇప్పుడు కొటేషన్‌ల ఏముందో విప్పి చూద్దాం. డొమైన్ అంటే ఇంటర్నెట్‌ల షాపు చిరునామా పేరు, డాట్ ఇన్ అయితే మామూలుగ ఏడాదికి వెయ్యి లోపలనే అయితది, డాట్ కామ్ అయితే వెయ్యి దాటుతది. హోస్టింగ్ అంటే ఆ వెబ్‌సైట్ ఉండే కిరాయి జాగ, నీ అంత చిన్న షాపుకు ఏడాదికి మూడు నుంచి ఆరు వేలల్ల వచ్చేది సరిపోతది, కాకపోతే మొదటిసారి కొన్నప్పుడు ఆఫర్ రేటు ఉంటది, రెన్యువల్ వచ్చేసరికి రెండింతలు మూడింతలు అయితది, అందుకే ఆఫర్ రేటు చూడకు, రెన్యువల్ రేటు అడుగు. కస్టమర్ సైట్‌ల రాసిన వివరాలు మధ్యల ఎవరూ చదవకుండ కాపాడే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌కు ఎవరన్న విడిగ పైసలు అడిగితే ఎందుకని అడుగు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అని ఉచితంగనే దొరుకుతది. వెబ్‌సైట్ తయారు చేసే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్, దాని మీద షాపు నడిపే వూకామర్స్, ఇవి గూడ ఉచితమే, పైసలు అయ్యేది వాటిని నీకు తగ్గట్టు కూర్చే మనిషి పనికి. ఆ పనికి మర్యాదగ పైసలు ఇయ్యాలె, దాంట్ల బేరం చేసి పీడించొద్దు.

యాప్ మాత్రం నాకు అస్సలు అక్కర కనపడ్తలేదు. ప్లే స్టోర్‌ల డెవలపర్ అకౌంట్‌కు గూగుల్ తీస్కునేది ఒకేసారి 25 డాలర్లు, అది పెద్ద ఖర్చు కాదు, కానీ యాప్ చేసుడు, ఫోన్లు మారినకొద్ది దాన్ని మార్చుకుంట ఉండుడు, అది ఎప్పటికి ఒడవని పని. ఏడాదికి రెండు చీరలు కొనే పుణె ఆమె నీ షాపు యాప్ ఫోన్‌ల ఎందుకు ఉంచుకుంటది? యాప్ తీసేస్తే ఎంత తగ్గుతదో అడుగు, ఆ జవాబుతోని చాన తెలుస్తది. ఎస్ఈఓ గూడ అంతే, ఆరు నెలలు ఏం చేస్తరు, నెలకు ఎన్ని పేజీలు రాస్తరు అని అడుగు. గూగుల్‌ల మొదటి జాగ గ్యారంటీ అని ఎవరన్న అంటే నమ్మకు, అట్ల గ్యారంటీ ఎవరూ ఇయ్యలేరని గూగులే చెప్తది.

కొటేషన్‌ల రాయని ఖర్చు ఒకటున్నది, అది నీ టైం. నువ్వు రాసినవు గదా, రాత్రి పిల్లలు పండుకున్నంక రెండు గంటలు మెసేజ్‌లకు జవాబు ఇస్త అని. వెబ్‌సైట్ వస్తే ఆ చీరలను ఎవరు ఎక్కిస్తరు? నూరు చీరలకు చీరకు నాలుగు ఫొటోలు, అంచు, కొంగు, ఒళ్లు, జాకెట్ ముక్క, అంటే నాలుగు వందల ఫొటోలు, దానికి పొడుగు, రంగు, నూలా పట్టా, రేటు రాయాలె. పొద్దుగాల షాపుల అమ్ముడువోయిన చీరను ఆ నిమిషమే సైట్‌ల తీసెయ్యకపోతే మధ్యాహ్నం ఇంకొకరు పైసలు కట్టి కూసుంటరు, అప్పుడు తిప్పి పంపుడు, సారీ చెప్పుడు. నారాయణపేట మగ్గం మీద ఒక్కసారికి ఎనిమిది చీరల పడుగు (నిలువు పోగులు) ఎక్కిస్తరు గదా, అది నీకు ఇక్కడ పనికొస్తది, ఒకే పడుగు మీద దిగినవాటికి చాలావరకు ఒక్కతీరే ఫొటో సరిపోతది, స్టాక్ ఎనిమిది అని పెట్టుకోవచ్చు. అందుకని ఎక్కించుడు మొదలుపెడితే అట్లాంటి చీరలతోనే మొదలుపెట్టు, ఒంటి పీసులు వాట్సాప్‌ల ఉండనీ. ఈ ముచ్చట హైదరాబాద్‌ల ఉన్న డెవలపర్‌కు తెల్వది, నీకు తెలుసు, అందుకే ఈ పనిల నిన్ను పక్కన పెట్టుడు సరి కాదు.

ఇంకోటి, నా బతుకుల జరిగింది చెప్త. 2016ల మహబూబ్‌నగర్‌ల నా కుట్టు యూనిట్‌కు వెబ్‌సైట్ చేయించిన. స్కూల్ యూనిఫాంలు కుట్టేది. చేసిన పిల్లగాడు మంచోడే, మోసం చేసే మనిషి కాదు. కానీ డొమైన్ తన మెయిల్ మీద, తన ఫోన్ నంబర్ మీద రిజిస్టర్ చేసిండు, నాకు తెల్వది, నేను అడగలే. తర్వాత ఆయన ఉద్యోగానికి వేరే ఊరు పోయిండు, ఫోన్ మార్చిండు, రెన్యువల్ మెయిల్స్ అన్ని ఆ పాత మెయిల్‌కే పోయినయి. డాట్ కామ్ గడువు అయిపోతే మామూలుగ నెల, నెలన్నర దాక పాత రేటుకే కట్టుకోవచ్చు, ఆ తర్వాత ఒక 30 రోజులు చాన ఎక్కువ కడితే గాని రాదు, అది గూడ దాటితే ఎవరన్న కొనుక్కోవచ్చు. నాకు తెలిసేసరికి నా పేరు ఇంకొకరి చేతుల ఉన్నది. బోర్డు మీద, బిల్ బుక్కుల మీద, మూడు వేల సంచుల మీద ఆ అడ్రస్సే అచ్చేయించి ఉన్న. ఆ సంచులు చూసినప్పుడల్లా కడుపుల ఎట్లనో అయ్యేది. అందుకే చెప్తున్న, మీ మామకు 2019ల జరిగింది గూడ ఇదే కావొచ్చు. చేసినాయన దొంగనే అయి ఉండాలని లేదు, పేరు ఎవరి మీద ఉన్నదో ఎవరూ చూస్కోక పోయి ఉండొచ్చు. మామను కోపంగ కాకుండ కూసోబెట్టి అడుగు, అప్పుడు ఏం పేరు తీస్కున్నరు, ఏ మెయిల్ ఇచ్చిన్రు అని. ఆ పేరు ఇప్పుడు ఖాళీగ ఉందా లేదా ఎక్కడన్న డొమైన్ అమ్మే సైట్‌ల టైప్ చేస్తే నిమిషంల తెలుస్తది. ఖాళీగ ఉంటే ఈ రోజే నీ పేరు మీదనో మీ ఆయన పేరు మీదనో కొనిపెట్టు, మీ మెయిల్, మీ ఫోన్ నంబర్‌తోని. దీనికి గాజులు అక్కర్లేదు.

ఇగ దారులు. ఒకటే సరైనదని నేను చెప్పను, నీ ఇల్లు నీకు తెలుసు.

ఏం కొత్తగ చెయ్యకుండ ఉన్నదాన్నే గట్టి చేసుకునుడు ఒక దారి. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం, దాంట్ల క్యాటలాగ్ పెట్టొచ్చు, 500 ఐటంల దాక పడ్తయి. గూగుల్‌ల షాపు ప్రొఫైల్ గూడ ఉచితమే, ఫొటోలు, టైమింగ్స్, రివ్యూలు వస్తయి. కేంద్ర జౌళి శాఖ నడిపే ఇండియా హ్యాండ్‌మేడ్ అనే పోర్టల్ ఉన్నది, చేనేతోళ్లు నేరుగ అమ్ముకోనీకి, కమీషన్ తీసుకోరు, మీ నేత పనోళ్ల పేరు మీద రిజిస్టర్ అయ్యేటట్టు ఉందా చూడు. ఇందాక చెప్పిన పేరు కొనిపెడితే, ఏడాదికి ఆ డొమైన్ పైసలే ఖర్చు. దీంట్ల ఉన్న కష్టం ఏందంటే ప్రతి మెసేజ్‌కు నువ్వే జవాబు ఇయ్యాలె, నెలకు 40 చీరలు దాటితే నీ ఆరోగ్యం తట్టుకోదు, పైగా ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్ ఒక్కరోజు ఎవడన్న హ్యాక్ చేస్తే కస్టమర్లకు నీ చిరునామా దొరకదు.

రెండోది చిన్న వెబ్‌సైట్. నాలుగైదు పేజీలు, మగ్గాల ఫొటోలు, ఒక యాభై చీరలు, ప్రతి చీర కింద వాట్సాప్ బటన్. పైసలు ఇప్పటి లెక్కనే యూపీఐల వస్తయి. మహబూబ్‌నగర్‌లనో హైదరాబాద్‌లనో సొంతంగ చేసే పిల్లలు ఇట్లాంటిది 15 నుంచి 20 వేలకు చేసిస్తున్నది నేను చూసిన. తర్వాత ఏడాదికి అన్ని కలిపి 8,000 అనుకో, మూడేండ్లకు 36,000, అంటే 80 చీరల లాభం, నెలకు రెండు చీరలకు కొంచెం పైన ఎక్కువ పోతే చాలు. ఆన్‌లైన్‌ల నెలకు మిగిలే పన్నెండు వేలల్లకెల్లి రెండు నెలలు పక్కకు పెడితే అప్పు లేకుండనే అయితది. నాకైతే నీ పరిస్థితికి ఇదే దగ్గరగ అనిపిస్తున్నది. నారాయణపేట చీరకు జీఐ గుర్తింపు (ఈ పేరు ఈ ప్రాంతం సరుకుకే అని సర్కారు ఇచ్చేది) ఉన్నది, కానీ పవర్‌లూమ్ మీద చేసి అదే పేరుతోని అమ్మేటోళ్లు చానమంది, కొనేటోళ్లకు అనుమానం ఉంటది. మీ ఇంటెనుక మగ్గం మీద నేస్తున్న వీడియో మీ సొంత పేజీల ఉంటే ఆ అనుమానం తీరుతది. దీంట్ల లోటు, కార్డ్ మీద కడ్తమనేటోళ్లు, రాత్రి పన్నెండుకు బుక్ చేస్కునేటోళ్లు జారిపోతరు.

మూడోది పూర్తి ఆన్‌లైన్ షాపు, కార్ట్, పేమెంట్, ట్రాకింగ్ అన్నీ. కిరాయి ప్లాట్‌ఫామ్ (నెల నెల పైసలు కట్టి వాడుకునే తయారు ఆన్‌లైన్ షాపు) మీద అయితే నెలకు పదిహేను వందల నుంచి రెండు వేలు, సొంతంగ వూకామర్స్ మీద చేయిస్తే 40 నుంచి 60 వేలు అనుకో. పేమెంట్ గేట్‌వేలు, అంటే ఆన్‌లైన్‌ల కస్టమర్ పైసలు తీస్కొని మనకు పంపే కంపెనీలు, మామూలుగ 2 శాతం దగ్గర కోస్తయి, ఆ కోసినదాని మీద మళ్లా 18 శాతం జీఎస్టీ, 2,200 చీరకు దాదాపు 52 రూపాయలు. అంటే నీ 450 కాస్త 398 అయితది, ఆ లెక్కతోని చూస్కో. రిటర్న్ పాలసీ, ప్రైవసీ, అడ్రస్, ఫోన్ నంబర్ పేజీలు లేకుంటే గేట్‌వే వాళ్లు అకౌంట్ ఓకే చెయ్యరు. ఇంకోటి ముఖ్యం, మీ షాపు జీఎస్టీల కాంపోజిషన్ స్కీమ్ (చిన్న యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) కింద ఉంటే వేరే రాష్ట్రానికి సరుకు అమ్మనీకి లేదు, నీ గిరాకేమో ఎక్కువ మహారాష్ట్ర, కర్ణాటక. అది ఇప్పుడు వాట్సాప్‌ల అమ్ముతున్నా వర్తిస్తది. ఏ దారి పట్టినా ముందుగాల మీ ఆడిటర్‌ను కలువు, దాని తర్వాతనే డెవలపర్.

నాలుగోది, మీ ఆడబిడ్డ భర్త ఫ్రెండ్‌తోనే చేయించుడు. దీన్ని గూడ కొట్టిపారెయ్యకు. ఆడబిడ్డ ఇంటితోని బంధం గూడ ఆస్తే. కానీ ముక్కలు చేసి. మొదట యాప్ వద్దు, ఎస్ఈఓ వద్దు, చిన్న సైట్ ఒక్కటే, దానికెంతనో చెప్పమను. పైసలు మూడు సార్లు, మొదలు కొంత, డిజైన్ చూసినంక కొంత, లాగిన్లన్ని చేతికొచ్చినంక మిగతాది. డొమైన్ మీ పేరు మీద, హోస్టింగ్ లాగిన్ మీ దగ్గర, సైట్ అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర, పేమెంట్ అకౌంట్ మీ షాపు బ్యాంకుకు. మెయింటెనెన్స్ అంటే ఏమేం చేస్తరు, బ్యాకప్ తీస్తరా, సైట్ పడిపోతే ఎన్ని గంటలల్ల లేపుతరు, ఇది కాయితం మీద ఉండాలె. దీనికి ఒప్పుకుంటే చేయించుకో, రేటు అయిదు వేలు ఎక్కువైనా పర్వాలేదు. ఒప్పుకోకుంటే ఎందుకు ఒప్పుకోలేదో మీ ఆయనకే అర్థమైతది.

ఇది చెప్పేదెట్ల? ఆడబిడ్డకు నువ్వు ఫోన్ చెయ్యకు. ఆమె భర్తకు మీ ఆయన చేయాలె ఫోన్, నువ్వు పక్కన కూసో. ఇట్ల అనమను: "బావా, మీరు మా షాపు గురించి ఆలోచించిన్రు, సంతోషం. మా దగ్గర ఈ ఏడు పెట్టగలిగేది 20 వేలు. దాంట్ల మొదలు ఏం చెయ్యొచ్చో మీ ఫ్రెండ్‌ను అడిగి చెప్పున్రి, దసరా గిరాకీ చూసి మిగతాది అనుకుందాం." దీంట్ల నమ్మకం మాట లేదు, మన శక్తి మాట మాత్రమే ఉన్నది. శక్తి ఇంతే అంటే ఏ బావా తప్పు పట్టడు.

మీ ఆయనతోని మాట్లాడేటప్పుడు గాజుల దగ్గర మొదలుపెట్టకు, నోట్‌బుక్ దగ్గర మొదలుపెట్టు. ఆయన ఉత్సాహం తప్పు కాదు, షాపుకు వచ్చే మనుషులు తగ్గుతున్నరని ఆయనకు భయం ఉండొచ్చు, ఆ భయాన్ని ముందు విను. తర్వాత నెలకు 15 చీరల లెక్క, రెండు చీరల లెక్క, రెండు పక్కపక్కన రాసి ముంగట పెట్టు. అప్పుడు గాజుల మాట ఆయనే తీస్తే సూటిగ చెప్పు, అవి నా తల్లిగారివి, సరుకు కొననీకో ఆస్పత్రికో అవసరమొస్తే నేనే తీసిస్త, ఇంకా అమ్మకం చూడని దాని కోసం ఇయ్యను అని. మెల్లగ చెప్పు, కానీ చెప్పు. పుట్టింటోళ్లు పెట్టిన బంగారం మీద హక్కు నీది, చట్టం గూడ అదే అంటది. నిన్ను పైసల మనిషి అంటరేమో అని భయపడ్డవు. నెలకు 28 చీరలు రెండు గంటల నిద్ర పోగొట్టుకొని అమ్ముతున్నవు చెల్లె, ఆ ఇంట్ల ఈ యాపారం గురించి నీకంటె ఎక్కువ తెలిసినోళ్లు ఎవరున్నరు?

శ్రావణం ముందు చిన్న సైట్ లేచేటట్టు చూస్కుంటే మహారాష్ట్రోళ్ల గౌరీ గణపతి గిరాకీ, దసరా, దీపావళి మూడూ దొరుకుతయి. ఆ మూడు పండుగలల్ల సైట్ చూసి వచ్చినోళ్లు ఎంతమంది, స్టేటస్ చూసి వచ్చినోళ్లు ఎంతమంది అని వేరువేరుగ రాసిపెట్టు, "మా గురించి యాడ చూసిన్రు" అని ప్రతి ఒక్కరిని అడుగు. సంక్రాంతి తర్వాత ఆ నోట్‌బుక్ ఫొటో నాకు మళ్లా పంపు, అప్పుడు పేమెంట్ పెట్టాల్నా వద్దా ఇద్దరం కూసోని చూద్దాం. ఈ లోపల మామను ఆ పాత పేరు సంగతి మాత్రం రేపే అడుగు.